కారు మెడ మీద బరువు

మా నాయన కొత్త మనిషితో పరిచయమైతే ముందు అతని ముఖం చూసేవాడు కాదు, అతని ఎద్దుల మెడలు చూసేవాడు. మెడ మీద పుండు కనిపించిందంటే ఆ మనిషితో ఇక మాటల్లేవు. ఎంత పెద్ద రైతైనా సరే, "నోరులేని జీవాన్ని ఇట్ల జేసినోడు మనకేం మేలు జేస్తాడు" అనేసి తుండు దులుపుకుని లేచేవాడు. నాకు సంబంధం చూడబోయినప్పుడు ఇదే చిక్కు వచ్చింది. పెళ్ళికొడుక్కి ఎద్దుల్లేవు. చిత్తూరులో ఒక పాత బాడుగ కారు ఉంది, దాన్ని తనే తోలుకుంటాడు. ఏం చూసి మనిషి గుణం తేల్చుకోవాలో తెలియక నాయన ఆ కారు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాని ముందు రేకు మీద చెయ్యి వేసి నిమిరి, "పుండ్లు లేవు, ఇయ్యొచ్చు పిల్లను" అన్నాడట. మా ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్న మాట అది.

మాది పలమనేరు దగ్గర పల్లె. నాయనది బండి బాడుగ బతుకు. పలమనేరు నుంచి మొగిలి ఘాటు దిగి చిత్తూరుకు బెల్లం, చింతపండు, వేరుసెనగ తోలేవాడు. వచ్చేటప్పుడు ఉప్పు మూటలు, కిరసనాయిలు డబ్బాలు. ఆ ఘాటులో ఏ మలుపులో వాన నీళ్ళు దారి కోస్తాయో, ఏ రాతి పక్కన మధ్యాహ్నం నీడ ఉంటుందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అన్నిటికంటే బాగా తెలిసింది బండికి బరువెత్తడం. మూటలన్నీ ఇరుసుకు కాస్త వెనక్కి పడేట్టు సర్దేవాడు. అప్పుడు బండి ముందు భాగం తేలిగ్గా ఉంటుంది, కాడి ఎద్దుల మెడ మీద ఒత్తుకోదు. మట్టంగా ఉన్న దారికి ఇది చాలు. దిగుడు వచ్చిందంటే మాత్రం బరువంతా ముందుకు వాలి మెడల మీదికి వస్తుంది. అందుకని దిగేటప్పుడు బండి చివరన ఒక మనిషి కూర్చోవాలి. ఇది మా నాయన ఒక్కడి పద్ధతి కాదు, ఆ ఘాటు ఎక్కి దిగే బండ్లవాళ్ళందరిదీ.

నా చిన్నతనంలో మా బండి చివరన కూర్చునే మనిషిని నేనే. గోతాలకు వీపు ఆనించి, కాళ్ళు వేలాడేసుకుని, వెనక్కి తిరిగి కూర్చునేదాన్ని. అందరూ పోయే దారిని చూస్తే నేను పోయిన దారిని చూసేదాన్ని. మధ్యలో లేస్తే నాయన ముందు నుంచే కనిపెట్టి, నువ్వు కదిల్తే ఎద్దుకు మెడ నొప్పి అని అరిచేవాడు. నా పిడికెడు ఒంటితో ఎద్దులకు ఏం ఒరిగేదో గానీ, నేను లేకపోతే ఘాటు దిగలేరని నాకు మహా గొప్పగా ఉండేది.

ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఎద్దుల బండికి అదే సరి. ఒక చోట సరైన పని ఇంకో చోట మనిషిని మింగుతుందని మాకెవరికీ తట్టలేదు, అంతే.

యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టారు. యుద్ధం అయిపోయింది, కూపన్లు పోలేదు. ఉన్న కాస్త పెట్రోలుతో రెండు పనులు కావాలని మా ఆయన ఒక ఉపాయం చేశాడు. పాడైపోయిన లారీ ఇరుసు ఒకటి, దాని రెండు చక్రాలు సంపాదించి, పైన పలకలు కొట్టించి, ముందుకు పొడుగాటి ఇనుప కమ్మీ పెట్టించాడు. కమ్మీ చివర ఒక ఉంగరం. కారు వెనక ఒక కొక్కెం. ఉంగరాన్ని కొక్కెంలో వేసి, పైకి ఎగిరిపోకుండా అడ్డంగా ఒక ఇనుప సీల కొట్టేవాడు. కారులో మనుషులు, వెనక సరుకు. చిత్తూరులో అందరూ దాన్ని తోకబండి అనేవాళ్ళు. పిల్లలు దాని వెనక పరుగెత్తేవాళ్ళు.

కొత్తల్లో ఒకరోజు మా ఆయన ముఖం తెల్లగా పాలిపోయి ఇంటికి వచ్చాడు. నీళ్ళిస్తే తాగలేదు. పుత్తూరు దారిలో కట్టెలు వేసుకుని వస్తూంటే తోకబండి తనంతట తాను ఊగడం మొదలుపెట్టిందట. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు, ప్రతిసారీ ముందుసారి కంటే ఎక్కువగా. కారును నేను తోలడం లేదు, వెనక నుంచి ఎవరో తోలుతున్నారనిపించింది అన్నాడు. ఎలాగో ఒక గడ్డిదిబ్బ ఎక్కి ఆగిందట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక టీ బంకు దగ్గర పటాలంలో లారీ తోలి వచ్చిన మనిషి ఒకడు కలిసి, మా ఆయనకు అసలు సంగతి చెప్పాడు. ఆ సంగతి ఆయన అన్నం తింటూ, కంచంలో సంగటి ముద్దను తోకబండిగా చేసి, మునక్కాయ పుల్లను కమ్మీగా గుచ్చి నాకు చూపించాడు. బరువు ఇరుసుకు ముందు ఉండాలట. కారు వీపు మీద ఎప్పుడూ కొంచెం బరువు పడుతూనే ఉండాలట. బరువు వెనక్కి పోయిందా, తోకబండి ముందు భాగం పైకి లేచి కారును వెనక నుంచి ఎత్తుతుంది. కారు వెనక చక్రాలకు నేల మీద పట్టు పోతుంది. ఇక తోకబండి ఎటంటే కారు అటు. ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు తిప్పకూడదు, వేగం తగ్గించుకుని అది తానుగా సద్దుమణిగేదాకా గట్టిగా పట్టుకుని ఉండాలి. ఎందుకైనా మంచిది, కారుకూ తోకబండికీ ఒక గొలుసు కూడా వేసుకో, సీల ఊడినా అది పట్టుకుంటుంది అన్నాడట ఆ మనిషి. మా ఆయన మరునాడే గొలుసు వేయించాడు. అప్పటినుంచి మూటలు ముందుకు సర్దేవాడు. తోకబండి మళ్ళీ ఊగలేదు.

మా పెద్దవాడు పుట్టాక పుట్టు వెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని మొక్కుకున్నాం. మాలో బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి. నాకు అన్నదమ్ముల్లేరు. కాబట్టి ఆ ఒడి నాయనదే. వాడు పుట్టినప్పటి నుంచీ నాయన ఆ రోజు కోసం కాచుకుని ఉన్నాడు. వాడి జుట్టు కళ్ళలో పడుతుంటే మా అమ్మ కొసలు కత్తిరించబోయిందట, నాయన కత్తెర లాక్కుని దూలం మీద పెట్టాడు. ఆ ఏడాదే ఒక ఎద్దు చచ్చిపోయింది, ముసలిదైన రెండో దాన్ని మేపుకుంటూ ఇంటి దగ్గరే ఉన్నాడు. మోకాళ్ళు పట్టేసి ఎటూ పోలేక, చేతికి పని లేక, ఇంట్లో బియ్యం మూటను కూడా పొద్దున ఒక మూలన, సాయంత్రం ఒక మూలన పెట్టే స్థితికి వచ్చాడు. అమ్మ విసిగిపోయింది.

ఆ ప్రయాణానికి మా ఆయన కారును, తోకబండిని ఘాటు ఎక్కించి మా పల్లెకు తెచ్చాడు. కొండ మీద వండి పదిమందికి పెట్టాలని మొక్కు. బియ్యం, బెల్లం, గుమ్మడికాయలు, వండడానికి రెండు ఇత్తడి అండాలు, పొయ్యి కట్టెలు. చిత్తూరు మండీకి చేర్చాల్సిన బెల్లం గోతాలు కూడా కొన్ని. తిరపతిలో కారు పెట్టేసి కొండకు బస్సులో పోదామని అనుకున్నాం.

తెల్లారుతూనే మా ఆయన సరుకంతా ముందుకు సర్ది, తాళ్ళు బిగించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. తిరిగి వచ్చేసరికి తాళ్ళన్నీ ఊడి ఉన్నాయి. నాయన తోకబండి ఎక్కి బెల్లం గోతాలు ఒక్కొక్కటే వెనక్కి దొర్లిస్తున్నాడు. మోకాళ్ళ నొప్పి యాడికి పోయిందో. ఎన్నాళ్ళకో చేతికి పని దొరికిన మనిషి ముఖం అది. మా ఆయన నిలబడి చూశాడు.

"బరువు ముందర్నే ఉండాల మామా" అన్నాడు మెల్లగా.

నాయన నవ్వి, బరువెత్తడం నాకు నేర్పిస్తావా అబ్బా అని గోతం మీద చరిచాడు. మా ఆయన పటాలం మనిషి చెప్పిందంతా చెప్పాడు. మొత్తం చెప్పాడు, మధ్యలో వదిలెయ్యలేదు. నాయన మర్యాదగా విన్నాడు కూడా. విని, ఆయప్ప ఎప్పుడన్నా మొగిలి ఘాటులో బండి తోలినాడా అని అడిగాడు. లేదన్నాడు మా ఆయన. ఇంకేం, మాట అయిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను ఊరుకోలేదు. బిడ్డను చంకన వేసుకుని వచ్చి, ఎద్దులకు మెడ ఉంటుంది, కారుకు మెడ యాడుండాది నాయనా అని అడిగాను. నాయన తోకబండి దిగి, కారు వెనకభాగం మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కాడు. స్ప్రింగులు కిర్రుమని కారు కిందికి వంగింది. చేతులు తీస్తే మళ్ళీ లేచింది.

"ఇదో, ఈడ. బరువు పడితే వంగుతాండాది గదా. వంగేదంతా మెడే."

మా ఆయన నా వైపు చూసి చాల్లే అన్నట్టు తల ఊపాడు. అత్తగారింటి వాకిట్లో, ఇరుగుపొరుగు చూస్తూండగా, మామ కట్టిన మూట విప్పే అల్లుడు మా వైపు లేడు. పైగా మామ ఏడాదిగా నవ్వని మనిషి, ఆ పొద్దున నవ్వుతున్నాడు. మెల్లగా పోదాంలే అన్నాడు మా ఆయన నాతో. గొలుసును చూపిస్తే నాయన దానికి కూడా ఒక మాట అంటించాడు, ఎద్దుకు ముక్కుతాడు విన్నాం గానీ తోకతాడు ఇప్పుడే సూస్తాండామని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కోపంలోనే.

అమ్మ శకునం చూసింది. ఎదురుగా ముత్తయిదువ బిందెతో నీళ్ళు తెచ్చింది. పిల్లి రాలేదు, ఎవరూ తుమ్మలేదు, యాడికి అని ఎవరూ అడగలేదు. అంత మంచి శకునం తన పుట్టుకలో చూడలేదని అమ్మ కారు ఎక్కుతూ మురిసిపోయింది. బిడ్డతో నేను, అమ్మ వెనక సీట్లో. నాయన ముందు సీట్లో, మా ఆయన పక్కన.

పల్లె దాటి పెద్ద దారి ఎక్కామో లేదో వెనక నుంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. కాసేపాగి మళ్ళీ టక్కుమంది. ఎవరో ఇనుప తలుపు మీద వేలి కణుపుతో కొట్టినట్టు. మునుపు చాలాసార్లు ఆ కారులో తోకబండి వెనక వస్తూండగా పోయాను. ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. బరువు ముందుంటే ఉంగరం కొక్కెంలో గమ్మున కూర్చుంటుంది. ఇప్పుడు అది పైకి లేస్తూంది. కింది నుంచి లేచి సీలను కొట్టి మళ్ళీ పడుతూంది. అమ్మ ఏమిటే ఆ చప్పుడని అడిగింది. అండాలు కొట్టుకుంటున్నాయన్నాను. మా ఆయన మెడ వెనక చెమట పట్టడం నాకు కనిపించింది. చలికాలం పొద్దు అది, పలమనేరు చలి తెలిసినవాళ్ళకు తెలుసు.

నాయన మాత్రం హుషారుగా ఉన్నాడు. కారు ఎంత తేలిగ్గా పోతాండాదో సూసినావా అబ్బా, మెడ మీద బరువు లేదు గదా అని ఒకటే మాట. నిజమే, తేలిగ్గా పోతూంది. తేలిగ్గా పోవడమే మా ఆయనకు భయంగా ఉంది. మట్టమైన దారిలో కూడా కారు వెనక భాగం ఒక్కోసారి పక్కకు జరిగినట్టు అనిపించేది. అప్పుడు ఆయన ఏమీ చెయ్యకుండా స్టీరింగు పట్టుకుని గట్టిగా ఊపిరి బిగబట్టేవాడు. అది సర్దుకునేది. మళ్ళీ టక్కుమనేది.

ఘాటు మొదట్లో కారు ఆపాడు. అక్కడ దారి పక్కన పసుపు పూసిన ఒక రాయి ఉండేది, బండ్లవాళ్ళు దిగే ముందు దానికి మొక్కేవాళ్ళు. నాయన దిగి మొక్కుకున్నాడు. మా ఆయన వెనక్కి పోయి సీల చూసుకుని, దాన్ని తంతితో చుట్టి చుట్టి బిగించాడు. రెండు గోతాలైనా ముందుకు లాగుదామనుకుని చెయ్యి వేశాడట. ఇంతలో నాయన వచ్చాడు. వచ్చి, తుండు తలకు చుట్టుకుని, తోకబండి చివరన ఎక్కి కూర్చున్నాడు.

నేను తలుపు తీసుకుని దిగబోయాను. బిడ్డ ఒడిలో నిద్రపోతున్నాడు, కదల్లేకపోయాను. కిటికీలో నుంచి తల బయటపెట్టి, నాయనా నీకేమన్నా పిచ్చా, దిగి లోపలికి రా అని అరిచాను. తండ్రిని ఆ మాట అనొచ్చా అని అమ్మ నా భుజం గిల్లింది. మా ఆయన నాయన దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆయన చేతులు జోడించడం నేను చూశాను. అల్లుడు మామకు దండం పెట్టడం మా వైపు పండగ రోజున కూడా ఉండదు.

"మామా, నా మాట విను. లోపల కూర్చో. దిగుడులో ఇది ఊగుతాది."

"ఊగకుండానే గదబ్బా నేను కూర్చుండేది. ఎద్దు నోరు తెరిచి సెప్పదు, మనమే కనుక్కోవాల. నీ కారూ అంతే."

ఆ మాటలో ఎంత దయ ఉందో ఇప్పటికీ నాకు గుర్తుకొస్తే ఒళ్ళు మండుతుంది. తన ముసలి మోకాళ్ళతో, ఆ చలిగాలిలో, ఒక ఇనుప వస్తువుకు మెడ నొప్పి పుట్టకుండా చూడడానికి కూర్చున్నాడు మనిషి. మొండితనం అయితే కొట్లాడొచ్చు. దయతో ఎలా కొట్లాడేది? అమ్మ కూడా, పోనీలే అల్లుడా, ఆయన పుట్టినప్పటి నుంచీ ఆ పని చేస్తానే ఉండాడు, నువ్వు మెల్లగా తోలు అంది. ఇంకెక్కువ చెబితే నాయన పనికిరాని ముసలివాడని అన్నట్టు అవుతుంది. మా ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కూర్చుని వెంటనే కదిలించలేదు.

కారు వెనక ఒక చిన్న గాజు కిటికీ ఉండేది. దాంట్లో నుంచి చూస్తే గోతాల మీదుగా నాయన తలపాగా మాత్రం కనిపిస్తుంది. వెనక్కి తిరిగి కూర్చున్నాడు, కాళ్ళు వేలాడేసుకుని, ఒక చేత్తో తాడు పట్టుకుని. దాటివచ్చిన దారిని చూస్తున్నాడు. ముందేం వస్తుందో ఆయనకు కనిపించదు.

మొదటి మలుపులు చాలా నెమ్మదిగా దిగాం. పక్కన ఎద్దుల బండి ఉంటే అదే మాకంటే ముందు పోయేది. మా ఆయన అన్నిటికంటే చిన్న గేరులో వేసి, ఇంజను పట్టు మీదే దించుతున్నాడు. తోకబండికి బ్రేకుల్లేవు. దాని బరువంతా, నాయన బరువుతో సహా, కారే ఆపుకోవాలి. సీల చప్పుడు ఇప్పుడు ఆగి ఆగి రావడం లేదు, వరసగా వస్తూంది. ప్రతి గుంతకూ కారు వెనక భాగం పైకి లేచినట్టయి మా సీటు తేలిపోయేది. అమ్మ గోవిందా గోవిందా అంటూంది, భయంతో కాదు, భక్తితోనే. నేను తలపాగానే చూస్తూ కూర్చున్నాను. అది కనిపిస్తున్నంత సేపూ ఏమీ కాలేదని లెక్క.

సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది. బ్రేకులు కాగిపోయాయి. మా ఆయన కాలు పైకి తీసి తీసి తొక్కుతున్నాడు. ప్రతిసారీ కారు కొంచెం ఆలస్యంగా మాట వింటూంది. ఇంతలో దారి మలుపు లేకుండా కొంతదూరం తిన్నగా వాలింది. అక్కడ తోకబండి మమ్మల్ని తోసింది. ఎవరో వెనక చేతులు పెట్టి నెట్టినట్టు స్పష్టంగా తెలిసింది. కారు వేగం పెరిగింది. తలపాగా గాజులో ఎడమ అంచుకు పోయింది. తర్వాత కుడి అంచుకు పోయింది. తర్వాత ఎడమకు పోయి కనిపించకుండా పోయి, మళ్ళీ వచ్చింది.

"ఊగుతాండాది" అన్నాను.

మా ఆయన బ్రేకు మీద కాలు తీసేశాడు. చెప్పినట్టే చేశాడు. స్టీరింగు తిన్నగా పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని, శిలలా కూర్చున్నాడు. ఇంకొంచెం తిన్నని దారి ఉండి ఉంటే అది సద్దుమణిగేదేమో. ఉండలేదు. దారి చివర మలుపులో నుంచి ఎద్దుల బండ్లు ఎక్కి వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి. ముందు బండి ఎద్దులు మమ్మల్ని చూసి తలలెత్తి నిలిచిపోయాయి. పక్కన నడుస్తున్న మనుషులు చేతులూపుతున్నారు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

తొక్కకూడదని తెలిసిన బ్రేకును మా ఆయన తొక్కాడు. ఇంకేం చేస్తాడు? ఎదురుగా మనుషులు, ఎద్దులు. వెనక చక్రాలకు నేల పట్టు లేదు, కారు జారింది. తోకబండి పక్క నుంచి వచ్చి కారును అడ్డంగా తిప్పింది. సీల తెగిన చప్పుడు తుపాకీ పేలినట్టు వినిపించింది. ఆ తర్వాత గొలుసు ఒక్కసారి లాగింది, బిడ్డ నా చేతుల్లో నుంచి ఎగిరి అమ్మ ఒళ్ళో పడ్డాడు. కారు కొండ వైపు తిరిగి, రాళ్ళలో ముక్కు పెట్టి ఆగింది. అంతా ఆగాక ఒక అండా దొర్లుకుంటూ దారి మీదుగా పోయి లోయలో పడిన చప్పుడు వచ్చింది. అది రాయి రాయికీ తగులుతూ చాలాసేపు మోగింది.

గాజులో నుంచి చూశాను. తలపాగా లేదు.

తోకబండి గొలుసుకు వేలాడుతూ, కొండకు కొట్టుకుని, బోర్లా పడి ఉంది. నాయన దానికి కాస్త ఎగువన, దారి పక్క కాలువలో పడి ఉన్నాడు. బండ్లవాళ్ళు మాకంటే ముందు పరుగెత్తి వచ్చారు. వాళ్ళలో సగం మందికి నాయన తెలుసు, ఒకడైతే పెద్దాయనా పెద్దాయనా అని ఏడ్చేశాడు. నెత్తురు పెద్దగా లేదు. ఒక తొడ వంకరగా ఉంది, అంతే అనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాడు. మా ఆయన వంగి మామా అనగానే నాయన అడిగిన మొదటి మాట ఎద్దులకేమన్నా అయిందా అని. కాలేదంటే ఊపిరి వదిలాడు. ఆ వదలడంలో ఒక గురగుర చప్పుడు ఉంది. అది నాకు నచ్చలేదు.

కారు కదులుతుందని తేలాక గొలుసు విప్పేసి, బండ్లవాళ్ళంతా కలిసి దాన్ని వెనక్కి నెట్టి దారి మీద పెట్టారు. నాయనను వెనక సీటు మీద పడుకోబెట్టారు. అమ్మ బిడ్డను పట్టుకుని ముందు కూర్చుంది. పుత్తూరుకు పోదాం, తొడ కట్టు కట్టించుకుంటే సరిపోతాది అని నాయనే అన్నాడు. విరిగిన కాళ్ళు ఎన్ని చూశాడో ఆయన, బండ్లవాళ్ళ కాళ్ళన్నీ పుత్తూరులోనే అతుక్కునేవి. అట్లే పోదాం మామా అని మా ఆయన చిత్తూరు ఆసుపత్రికి తోలాడు. ఘాటు అడుగుకు వచ్చేశాం. తోకబండి లేకుండా కారు ఎంతో బుద్ధిగా పోతూంది. చూస్తే దాన్ని పట్టుకుని కొట్టాలనిపించింది నాకు.

నాయన తల నా చేతుల్లో ఉంది. నేను సీటు ముందు కింద మోకాళ్ళ మీద కూర్చుని అది కదలకుండా పట్టుకున్నాను. పెదవుల చివర ఎర్రగా నురగ వస్తూంటే కొంగుతో తుడుస్తున్నాను. తుడిచినప్పుడల్లా ఆయన ఏదో చెప్పబోయి, దగ్గొచ్చి, ఆగుతున్నాడు. మాట్లాడొద్దు నాయనా అన్నాను. వినలేదు. పుట్టి ఎప్పుడు విన్నాడు గనక.

"అల్లునికి సెప్పు పాపా. తప్పు ఆయప్పది గాదు" అన్నాడు. "నేనే. ఆ అండా అడ్డమొచ్చి రోంత ముందుకు కూర్చుంటి. ఇంగా ఎనక్కి కూర్చోని ఉంటే ఊగేది గాదు."

నాకు నోటి దాకా వచ్చింది. కాదు నాయనా, నువ్వు వెనక కూర్చోబట్టే ఊగింది, పొద్దున్నుంచీ గొంతు చించుకుని చెప్పాం గదా అని. ఆ ఎర్రటి నురగను చూస్తూ కూడా నాకు అంత కోపం వచ్చింది. ఆయన మీదా, ఆ పటాలం మనిషి మీదా, మమ్మల్ని దీవించిన శకునం మీదా, అందరి మీదా. నేను నోరు తెరిచేలోగా ముందు నుంచి మా ఆయన మాట్లాడాడు. వెనక్కి తిరగలేదు. దారినే చూస్తూ, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ఆ వాకిట్లో మాట్లాడినంత మెల్లగా మాట్లాడాడు.

"అవును మామా. వచ్చేటప్పుడు ఇంగా ఎనక్కి కూర్చుందువు గాని."

"అట్లనే" అన్నాడు నాయన. అల్లుడు ఎట్టకేలకు ఒప్పుకున్నందుకు ఆయన ముఖం తేటపడింది. నేను తల నిమురుతూ కూర్చున్నాను. చిత్తూరు ఆసుపత్రి వాకిలి ముందు కారు ఆగి, లోపలి నుంచి మనుషులు వచ్చి చేతులు వేసేదాకా అలాగే నిమురుతూ ఉన్నాను. అప్పటికి ఆయన పోయి చాలాసేపైందని వాళ్ళు చెప్పారు.